చూసి నడువు

నేను బట్టలు సరిచేస్తాను.
డండీలో, హిల్‌టౌన్ ఏటవాలు వీధిలో,
లాండ్రీ షాపు వెనకగదిలో ఒక్క బల్బు కింద.
మోచేతుల దగ్గర పలచబడ్డ కోటు చూసి
రోజంతా బల్లకి ఆనుకుని రాసే మనిషని చెప్పగలను.
ఎడమ జేబు సాగితే తాళాలగుత్తి.
కుడికాలి అంచున నూనె మరకుంటే సైకిలు.
అలాంటిదాన్ని
మా మేఖల బూట్లు మాత్రం
ఆరు నెలలు చదవలేకపోయాను.

ముక్కులు అరిగిపోయేవి.
మడమలు కొత్తగానే ఉండేవి.
నాసిరకం సరుకని అమ్మినవాణ్ణి తిట్టుకుని
ఇంకో జత కొనేదాన్ని.

నాలుగున్నరేళ్ళ పిల్ల.
చదునైన నేలమీదే తట్టుకునేది,
గడప లేనిచోట గడప తగిలినట్టు.
మోకాలిమీద పాత దెబ్బ పసుపుపచ్చ కాకముందే
దాని పక్కన కొత్తది, నీలంగా.
"చూసి నడువు" అనేదాన్ని
బస్సు దగ్గర, మెట్ల దగ్గర,
నర్సరీ గేటు దగ్గర పదిమంది ముందు.
ఒకరోజు "కళ్ళు నెత్తిమీదున్నాయా" అని కూడా అన్నాను.
అది నిజంగానే నెత్తి తడుముకుంది.

ఫిజియో పేరు మోరాగ్.
ముందు పిల్లని నడవమనలేదు,
బూట్లు అడిగింది.
తిరగేసి, కిటికీ వెలుగులో పట్టుకుని
నేను కుట్టు చూసినట్టే చూసింది.
నాకు సిగ్గేసింది.

తర్వాత దాన్ని బోర్లా పడుకోబెట్టి,
మోకాళ్ళు మడిచి, పాదాలు చెరో పక్కకి వాల్చి
ఇదిగో, అంది.
తొడ ఎముక కాస్త లోపలికి మెలి తిరిగి ఉందట.
అందుకే పాదాలు రెండూ
ఒకదాన్నొకటి పలకరించుకుంటూ నడుస్తాయట,
పరుగెడితే ఒకదాని దారికి ఇంకోటి అడ్డం.
చాలామందికి ఎనిమిదీ పదేళ్ళకి అదే సర్దుకుంటుంది.
పట్టీలొద్దు, ఇనప బూట్లొద్దు.
నొప్పంటే రండి.
ఒక్క కాలే కుంటితే రండి.
నిన్న ఎక్కిన మెట్టు ఇవాళ ఎక్కలేకపోతే
అపాయింట్‌మెంట్ కోసం ఆగకుండా రండి.

మరి, చూసి నడవమంటే? అన్నాను.
చూస్తూనే ఉంది కదా, అంది మోరాగ్.

పసివాళ్ళ నడకకి తప్పటడుగులని
పేరు పెట్టిన భాష నాది.
ముద్దుగానే పెట్టి ఉంటారు.
నేనే ఆ మాటని తీర్పులా వాడాను.

ఇంట్లో అది కూర్చునే తీరు అప్పుడు కనబడింది:
కాళ్ళు వెనక్కి, చెరోవైపు పరిచి, కప్పలా.
బాసింపట్టు వేయిస్తే
రెండు నిమిషాల్లో జారిపోయేది.
దారపు రీళ్ళ పెట్టె బోర్లించి పీట చేశాను.
పళ్ళు తోముకునేటప్పుడు
సింకు పట్టుకుని ఒంటికాలి కొంగ.
వంటగది నుంచి మంచం దాకా
పాదాలు బయటికి తిప్పి పెంగ్విన్ నడక.
మొదటిరోజు దానికంటే ముందు నేను పడ్డాను.
"అమ్మా, చూసి నడువు" అంది.

ఆదివారం వాన లేకపోతే
కుట్టుపని సుద్దతో పేవ్‌మెంట్ మీద
తొక్కుడుబిళ్ళ గీస్తాను.
మేం పీవర్స్ అనేవాళ్ళం అంది మోరాగ్,
వాళ్ళకి బిళ్ళ బూట్ పాలిష్ డబ్బా అట.
మేఖల గీత తొక్కుతుంది.
మా ఊళ్ళో అయితే అవుట్.
ఇక్కడ గీత చెరిపి, వేలెడు జరిపి మళ్ళీ గీస్తాను.
చొక్కా పట్టకపోతే
భుజాలు కత్తిరిస్తామా ఎవరమైనా?
టే నది మీంచి గాలి కొట్టి
సగం గళ్ళు ఎలాగూ ఎగిరిపోతాయి.

ఇప్పటికీ పడుతుంది.
మొన్న బస్టాపులో, సీగల్ని తరుముతూ, బోర్లా.
నా నాలుక మీదికి ఆ పాత మాట వచ్చింది.
మింగాను.
తనే లేచి, అరచేతులు చూసుకుని,
నా కోటుకి తుడుచుకుని
సీగల్ ఎటెళ్ళిందని అడిగింది.

ఆ మరక ఇంకా ఉంది.
లాండ్రీలో పనిచేస్తానన్న మాటేగానీ
నా కోటు ఎప్పుడూ వరసలో చివరిదే.